మా ఊరి పక్కన విదేశీ కంపెనీ: సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) మా హక్కా, వాళ్ల దయా?

ప్రశ్న: బడిపంతులు_సీమ

అందరికీ నమస్కారం. నేను రాయలసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పారిశ్రామికవాడలో ఆరేళ్ల క్రితం ఒక విదేశీ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. పారిశ్రామికవాడకు భూములిచ్చిన రైతుల్లో మా నాన్నగారూ ఒకరు. రెండున్నర ఎకరాల మెట్ట పోయింది. ఆ పరిహారంతోనే మా చెల్లెలి పెళ్లి జరిగింది కాబట్టి, పరిశ్రమ వల్ల మాకు ఒరిగిందేమీ లేదని నేను అనలేను.

పోయిన ఏడాది కంపెనీవాళ్లు రామాలయం పక్కన ఆర్వో ప్లాంటు పెట్టించారు. ఐదు రూపాయల నాణెం వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. మా బడికి రెండు గదులు కట్టి అరవై బెంచీలు ఇచ్చారు. ఆరో తరగతి పిల్లలు బండల మీద కూర్చుని రాసుకునే బాధ తప్పింది, ఆ మేలు నేను మరచిపోను. అయితే ఈ ఆరేళ్లలోనే, ఒకప్పుడు నాలుగు వందల అడుగుల్లో నీళ్లు పడిన మా చేలల్లో ఏడు వందల అడుగులు దింపినా దుమ్మే లేస్తోంది. దానికి కారణం ఫ్యాక్టరీ తోడుకునే నీళ్లా, వానలు తగ్గడమా, మేమే పోటీలు పడి బోర్లు వేయడమా అన్నది మాలో ఎవరికీ నిర్ధారణగా తెలియదు. ఊళ్లో ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్లు పద్నాలుగు మంది ఉంటే, యంత్రాల మీద పని దొరికింది ముగ్గురికే. మిగతావాళ్లలో చాలామంది కాంట్రాక్టరు కింద లోడింగుకు, హౌస్‌కీపింగుకు వెళ్తున్నారు.

వచ్చే గ్రామసభలో కంపెనీకి ఒక వినతి పెడదామనుకుంటున్నాం. ఇదివరకు ఒకసారి అడిగినప్పుడు కంపెనీ ప్రతినిధి, తమకు ఇంకా చెప్పుకోదగ్గ లాభాలు రాలేదనీ, కాబట్టి చట్టప్రకారం ఖర్చు పెట్టవలసినదేమీ లేదనీ, చేస్తున్నదంతా స్వచ్ఛందంగా చేస్తున్నదేననీ మర్యాదగానే చెప్పాడు. గట్టిగా అడిగితే రేపు విస్తరణ పనులను పక్క రాష్ట్రానికి తీసుకుపోతారని మా పెద్దల భయం. విదేశీ కంపెనీకి సీఎస్‌ఆర్ నియమం మన కంపెనీలకు ఉన్నట్టే ఉంటుందా? లాభం లేదన్న మాట నిజమే అయితే మేము అడగడానికి ఇంకేమీ మిగలదా? అడిగితే ఏమి అడగాలి? ఈ విషయాలు దగ్గరగా చూసినవారు కాస్త వివరంగా రాస్తే, ఆ కాగితం గ్రామసభలో చదివి వినిపిస్తాను.

జవాబు: కంపెనీ_సెక్రటరీ_హైదరాబాద్

మాస్టారూ, ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఊళ్లోనే కాదు, చాలా చోట్ల దీని మీద ఉన్న అంచనాలు ఒకటి, అసలు ఉన్నది ఒకటి.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందరి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు పోను మిగిలేది) 500 కోట్ల రూపాయలు గానీ, టర్నోవరు (ఏడాది అమ్మకాల మొత్తం) 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న ప్రతి కంపెనీ దీని కిందికి వస్తుంది. మూడూ ఉండనక్కర్లేదు, ఏ ఒక్కటి ఉన్నా చాలు. విదేశీ సంస్థ ఇక్కడ అనుబంధ కంపెనీగా నమోదై ఉంటే, చట్టం దృష్టిలో అది భారతీయ కంపెనీయే. అనుబంధ కంపెనీ పెట్టకుండా బ్రాంచి ఆఫీసుగానో ప్రాజెక్టు ఆఫీసుగానో పనిచేస్తున్నా, ఇక్కడి వ్యాపారం లెక్కల మీద అదే నియమం వర్తిస్తుంది. కాబట్టి విదేశీ పెట్టుబడికి ఈ విషయంలో ప్రత్యేకమైన మినహాయింపు లేదు.

ఖర్చు పెట్టవలసింది గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో నూటికి రెండు వంతులు. ఒక కంపెనీకి వరుసగా 40, 45, 65 కోట్ల లాభం వచ్చిందనుకోండి, సగటు 50 కోట్లు, అందులో రెండు శాతం అంటే కోటి రూపాయలు. అదే కంపెనీ మూడేళ్ల లెక్కలు కలిపితే నష్టమే తేలితే, టర్నోవరు ఎన్ని వేల కోట్లున్నా ఖర్చు పెట్టవలసిన మొత్తం సున్నా. అందువల్ల మీకు ఆ ప్రతినిధి చెప్పింది అబద్ధం కాకపోవచ్చు. భారీ పెట్టుబడితో వచ్చిన ఫ్యాక్టరీకి తరుగుదల, వడ్డీలు పోను మొదటి కొన్నేళ్లు లాభం కనిపించకపోవడం సహజమే.

ఇక్కడే గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. విదేశీ మాతృసంస్థ తన సాంకేతిక పరిజ్ఞానానికీ, బ్రాండు పేరుకూ ఇక్కడి అనుబంధ కంపెనీ నుంచి రాయల్టీ తీసుకుంటుంది. ఆ రాయల్టీ ఖర్చు కింద పోయిన తరువాతే నికర లాభం తేలుతుంది. ఒకప్పుడు దేశీయ అమ్మకాల మీద ఐదు శాతం, ఎగుమతుల మీద ఎనిమిది శాతం దాటితే రాయల్టీకి ప్రభుత్వ అనుమతి కావలసి వచ్చేది, 2009 డిసెంబరులో ఆ పరిమితి ఎత్తేశారు. మాతృసంస్థ నుంచి విడిభాగాలు ఎంత ధరకు కొంటున్నారన్నదీ ఇంతే ముఖ్యం. న్యాయమైన ధర కన్నా ఎక్కువ చెల్లిస్తే ఆదాయపు పన్ను శాఖ చూస్తుంది, అది వేరే సంగతి. నేను చెప్పదలచుకున్నది ఏమంటే, సీఎస్‌ఆర్ అనేది చివరి పద్దుకు ముడిపెట్టిన బాధ్యత. ఆ పద్దు ఎలా తేలిందన్నది దాని పరిధిలో లేదు.

ఇంకో రెండు విషయాలు మీకు ఉపయోగపడతాయి. కంపెనీ తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది కానీ, అది సూచనగానే చెల్లుతుంది తప్ప ఫలానా ఊరికి ఇంత ఇవ్వాలని పట్టుబట్టే హక్కుగా కాదు. రెండోది, వేరే ఏ చట్టం ప్రకారమైనా చేసి తీరవలసిన పనిని సీఎస్‌ఆర్ కింద చూపించుకోవడానికి వీల్లేదు. వ్యర్థజలాలను శుద్ధి చేయడం, కార్మికులకు క్యాంటీన్ నడపడం వంటివి దానధర్మాలు కావు, విధులు. ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు, తమ సరుకుల ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్పులు కూడా లెక్కలోకి రావు.

2021 జనవరి 22 నుంచి నిబంధనలు బిగిశాయి. ఖర్చు పెట్టని డబ్బు, ఒకవేళ కొనసాగుతున్న పథకానిదైతే ప్రత్యేక ఖాతాలోకి, లేకపోతే అదే చట్టంలోని ఏడో షెడ్యూలులో చెప్పిన నిధుల్లోకి వెళ్లాలి, వెళ్లకపోతే జరిమానా ఉంది. కంపెనీ తన సీఎస్‌ఆర్ విధానాన్ని, బోర్డు ఆమోదించిన పథకాలను తన వెబ్‌సైటులో పెట్టాలి. ముందు ఆ పేజీ తెరిచి చూడండి. మీ ఊరి ఆర్వో ప్లాంటు అందులో ఉంటే, అది స్వచ్ఛందమన్న మాటను మరోసారి ఆలోచించుకోవలసి వస్తుంది.

జవాబు: విశాఖ_అర్థశాస్త్రం

నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. పైన రాసినవారు సీఎస్‌ఆర్ హద్దులు చక్కగా చెప్పారు. నేను ప్రశ్ననే కొంచెం పక్కకు జరపాలనుకుంటున్నాను, ఎందుకంటే ఫ్యాక్టరీ లోపల, దాని గోడ బయట ఏం జరుగుతోందన్నది ఆ రెండు శాతం కన్నా ఎన్నో రెట్లు పెద్ద విషయం.

1991 జూలై పారిశ్రామిక విధానం తరువాత మన దేశం విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచింది. 2021-22లో వచ్చిన మొత్తం విదేశీ పెట్టుబడి 8,400 కోట్ల డాలర్లు దాటింది. దేశం మొత్తం మీద అన్ని కంపెనీలూ కలిసి చేసిన సీఎస్‌ఆర్ ఖర్చు 2022-23లో దాదాపు 30 వేల కోట్ల రూపాయలు, అందులోనూ పెద్ద వాటా మహారాష్ట్రకే పోయింది. వర్ధమాన దేశం విదేశీ పెట్టుబడిని పిలిచేది బడి గదుల కోసం కాదు. ఉద్యోగాలు, నైపుణ్యం, ఎగుమతులు, చుట్టూ పుట్టే చిన్న పరిశ్రమల కోసం పిలుస్తుంది. అవి దక్కితే పిలిచినందుకు ఫలితం ఉన్నట్టు, దక్కకపోతే ఎన్ని ఆర్వో ప్లాంట్లు పెట్టినా ఆ లోటు పూడదు.

మీ ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. 2017 ఏప్రిల్‌లో కియా సంస్థ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ పెట్టడానికి ఒప్పందం చేసుకుంది. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యం, 2019లో మొదటి కార్లు బయటికొచ్చాయి. కరువుకు పేరుపడిన జిల్లాలో కార్లతోపాటు వాటి విడిభాగాలు చేసే కొరియా కంపెనీలూ వరుసగా దిగాయి. అయితే ఆ ఫ్యాక్టరీ కోసం ప్రభుత్వం భూమి సేకరించింది, రోడ్లు వేసింది, గొల్లపల్లి జలాశయం నుంచి నీటి ఏర్పాటు చేసింది. ఏ రాష్ట్రమైనా పెద్ద పెట్టుబడి కోసం ఇలాగే పోటీపడుతుంది, పన్ను రాయితీలూ విద్యుత్ రాయితీలూ ఇస్తుంది. అదంతా ప్రజల డబ్బే. నా దృష్టిలో సామాజిక బాధ్యత అన్న మాట అక్కడి నుంచి మొదలుకావాలి. అంత ప్రజాధనం వెచ్చించి తెచ్చుకున్న పెట్టుబడి ఆ ప్రాంతానికి ఏం తిరిగి ఇవ్వాలన్నది ఒప్పందం నాడే రాసుకోవాలి.

నీటి విషయానికి వస్తే, కేరళలోని పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడ కథ మీ గ్రామసభలో తప్పక చెప్పండి. 2000లో అక్కడ కోకా-కోలా అనుబంధ సంస్థ శీతల పానీయాల ఫ్యాక్టరీ మొదలైంది. కొద్ది కాలానికే చుట్టుపక్కల బావుల్లో నీళ్లు తగ్గాయని, ఉన్న నీళ్లు చెడిపోయాయని అక్కడి ఆదివాసీ కుటుంబాల ఆడవాళ్లు ఆందోళనకు దిగారు. ఫ్యాక్టరీలో మిగిలిన మడ్డిని ఎరువుగా రైతులకు ఇచ్చారు, పరీక్షిస్తే అందులో కాడ్మియం, సీసం ఉన్నట్టు 2003లో బయటపడింది. ఆ మడ్డి రైతు చేలో పోసేనాడు దాన్ని ఉపకారంగానే ఇచ్చి ఉంటారు, పుచ్చుకున్నవాళ్లు ఉపకారంగానే పుచ్చుకుని ఉంటారు. నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ సంగతే. పెరుమాట్టి పంచాయతీ 2003లో లైసెన్సు పొడిగించడానికి నిరాకరించింది, 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది. కేసు హైకోర్టులో అటూ ఇటూ తిరిగింది. 2003 డిసెంబరులో ఒక న్యాయమూర్తి భూగర్భజలం ప్రజల ఉమ్మడి ఆస్తి అన్నారు, 2005లో డివిజన్ బెంచి రోజుకు ఐదు లక్షల లీటర్లు తోడుకోవచ్చంది. ఫ్యాక్టరీ మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. 2010లో ఉన్నతాధికార కమిటీ నష్టాన్ని 216 కోట్ల రూపాయలుగా లెక్కగట్టింది. మరుసటి ఏడాది పరిహారం కోసం శాసనసభ ఆమోదించిన ట్రిబ్యునల్ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు.

మా విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున జరిగింది మీకు తెలుసు. ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే రసాయనపు విషపు ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద కమ్ముకుంది, పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. తగిన పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి నడుస్తున్నట్టు ఆ కంపెనీయే అంతకు ముందు ఏడాది ప్రభుత్వానికి ఇచ్చిన ప్రమాణపత్రంలో ఒప్పుకుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు జమ చేయమంది. ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్‌గా మొదలైంది, 1997లో కొరియా సంస్థ చేతికి వచ్చింది. మొదట్లో ఊరికి దూరంగా ఉన్నదాని చుట్టూ ఊరే పెరిగింది. ట్యాంకు ఉష్ణోగ్రతను రాత్రిపూట ఎవరు చూస్తున్నారు, సైరన్ మోగుతుందా అన్నవి ఏ సీఎస్‌ఆర్ నివేదికలోనూ ఉండవు, కానీ గోడ పక్కన నిద్రపోయేవాళ్లకు వాటికన్నా పెద్ద బాధ్యత లేదు.

కాబట్టి మీరు అడగవలసిన చోటు మరొకటుంది. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, కలెక్టరుగానీ ఆయన తరఫు అధికారిగానీ అధ్యక్షత వహిస్తారు, అంతా వీడియో తీస్తారు. 2018 నుంచి కొంతకాలం పెట్టుబడిలో ఇంత శాతం స్థానిక అవసరాలకు అని లెక్క ఉండేది. 2020 సెప్టెంబరు 30 ఉత్తర్వు తరువాత, అభిప్రాయ సేకరణలో ఇచ్చిన హామీలనే అనుమతిలో షరతులుగా రాయాలన్నారు. ఇది లాభంతో సంబంధం లేని బాధ్యత, పైగా పాటించి తీరవలసినది. కాకపోతే, పారిశ్రామికవాడ మొత్తానికి అనుమతి తీసుకున్నచోట లోపల వచ్చే ఒక్కొక్క యూనిట్‌కు విడిగా అభిప్రాయ సేకరణ అక్కర్లేదు. మీ ఊళ్లో జరిగి ఉంటే అది ఫ్యాక్టరీ రాకముందు, వాడ ఏర్పడినప్పుడు జరిగి ఉంటుంది. ఆ రోజు ఏమి హామీ ఇచ్చారో పాత కాగితాల్లో ఉంటుంది. విస్తరణ అంటున్నారు కదా, దానికి మళ్లీ అనుమతులు కావాలి. చేతులు కాలకముందే ఆకులు పట్టుకునే అవకాశం మీకు ఇంకా ఉంది.

జవాబు: చెరువుగట్టు

నేను పదకొండేళ్లుగా నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున కంపెనీల సీఎస్‌ఆర్ పనులు చేయిస్తున్నాను. చట్టమూ సిద్ధాంతమూ పైన వచ్చేశాయి. నేను పని జరిగే తీరు చెబుతాను.

ఆర్వో ప్లాంటు పెట్టడం చాలా తేలిక. ఒక గది, ఒక యంత్రం, ఒక బోర్డు, ప్రారంభోత్సవానికి రిబ్బను. మూడు వారాల్లో ఫొటో వచ్చేస్తుంది. కానీ ఆర్వో యంత్రం తోడిన నీళ్లలో సగమో అంతకన్నా ఎక్కువో ఉప్పునీరుగా బయటికి వదిలేస్తుంది. ఒక ఊళ్లో ఆ నీరు పైపులోంచి వచ్చి బడి వెనుక గుంటలో నిలిచేది, రెండేళ్లలో గుంట చుట్టూ తెల్లని పొర కట్టింది, పక్కనున్న మునగచెట్టు ఎండిపోయింది. యంత్రంలో నీటిని వడకట్టే పొరలు మార్చవలసిన సమయానికి ఇరవై వేల రూపాయలు ఎవరు పెట్టాలన్నది తేలలేదు, కరెంటు బిల్లు పంచాయతీ మీద పడింది. మూడో ఏడు వెళ్లి చూస్తే గదికి తాళం, నాణెం వేసే చోట సాలెగూడు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం ఆ పథకం ఎప్పుడో పూర్తయింది, ఎందుకంటే డబ్బు ఖర్చయింది. మాస్టారూ, మీ ప్లాంటు ఉప్పునీరు ఎక్కడికి పోతోందో ఒకసారి పైపు వెంట నడిచి చూడండి. భూగర్భంలో నీరు తగ్గుతున్న ఊళ్లో అది ఊరికే పోయే నీరు కాదు.

దీనికంతటికీ కంపెనీల మనసు మంచిది కాదని నేను అనను. మార్చి నెలాఖరుకు డబ్బు ఖర్చవ్వాలి, పాలనా ఖర్చు ఐదు శాతం దాటకూడదు, బోర్డుకు లెక్క చూపాలి. ఆ ఒత్తిడిలో ఊరితో నాలుగుసార్లు కూర్చుని మాట్లాడడానికి ఎవరికీ తీరిక ఉండదు. నివేదికలో లబ్ధిదారుల సంఖ్య అడుగుతారు, మూడేళ్ల తరువాత ఎంతమంది వాడుతున్నారని పెద్ద పథకాలకు తప్ప అడగరు. ప్రభావ మదింపు తప్పనిసరి చేసింది కూడా పది కోట్లు, ఆపైన బాధ్యత ఉన్న కంపెనీలు చేపట్టే కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే పథకాలకే.

నా చేతుల మీదుగా జరిగిన పనుల్లో ఇప్పటికీ నిలిచింది ఒక చెరువు. పూడిక తీయించాం, మట్టి రైతులే ట్రాక్టర్లతో తోలుకున్నారు, తూము బాగుచేయించాం, అలుగు ఎత్తు పెంచకుండా పాత కొలతకే కట్టించాం. అలుగు ఎత్తు పెంచుదామని కంపెనీ ఇంజనీరు అన్నప్పుడు, అలా చేస్తే ఎగువన ఉన్న ఎస్సీ కాలనీ చేలు మునుగుతాయని ఊరి నీరటికాడు చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం ఊరితో కూర్చోవడం అవసరమైంది. మరుసటి ఏడు వాన బాగా పడింది, చెరువు కింది బావుల్లో మే నెలలో కూడా మోటారు గంటన్నర ఆడింది.

అందుకని, డబ్బు ఇమ్మని అడగడం కన్నా, పని ఎవరు ఎంచుకుంటారు, పూర్తయ్యాక ఎవరు నడుపుతారు, మూడేళ్ల వరకు మరమ్మతు ఖర్చు ఎవరిది అన్న మూడు సంగతులు కాగితం మీద ఉండేట్టు అడగండి. మీ ఊరి ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. మేము ఒకచోట అలా అడిగితే, వాళ్లు కోరింది సమాజభవనం కాదు, రాత్రి షిఫ్టు బస్సు ఊరి నడిబొడ్డు దాకా రావాలనీ, హైవే మలుపు దగ్గర దీపం పెట్టాలనీ కోరారు. హైవే మీద దిగి చీకట్లో ఒకటిన్నర కిలోమీటరు నడుచుకుంటూ వచ్చే ఆడపిల్లలు ఆ ఊళ్లో ఇరవై రెండు మంది ఉన్నారని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు.

జవాబు: ప్లాంట్_హెచ్‌ఆర్

నేను ఒక విదేశీ తయారీ సంస్థలో మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి అవతలి వైపు నుంచి కూడా కొంత చెప్పాలి. పై మాటల్లో చాలావాటితో నేను ఏకీభవిస్తాను. ఒక్కటి మాత్రం కంపెనీ మీద మోపడం న్యాయం కాదనిపిస్తుంది. తాగునీరు, బడి, రోడ్డు ఇవి ప్రభుత్వం చేయవలసిన పనులు. కంపెనీ ఆస్తిపన్ను కడుతోంది, జీఎస్టీ కడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) స్థానిక సంస్థగా వ్యవహరించే పారిశ్రామికవాడల్లో వసూలయ్యే ఆస్తిపన్నులో నూటికి 35 వంతులు సంబంధిత పంచాయతీకో మునిసిపాలిటీకో జమ కావాలి. మీ వాడ ఆ ఏర్పాటు కిందికి వస్తుందా, వస్తే ఆ డబ్బు మీ పంచాయతీకి ఏటేటా అందుతోందా, అందితే దేనికి ఖర్చయింది అన్నది అడగండి. అది ఎవరి దయా కాదు, మీ సొమ్ము.

ఉద్యోగాల విషయంలో నిజాయితీగా చెబుతున్నాను. మేము ఐటీఐ కుర్రాళ్లను తీసుకోకపోవడానికి ముఖ్యమైన కారణం వివక్ష కాదు. వాళ్లు నేర్చుకున్న లేత్ యంత్రం మా దగ్గర లేదు, మా దగ్గరున్న, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ యంత్రాన్ని వాళ్లు ముట్టుకుని చూడలేదు. 2019లో మన రాష్ట్రం స్థానికులకు 75 శాతం ఉద్యోగాలని చట్టం చేసింది, కానీ హర్యానాలో అటువంటి చట్టాన్నే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టేసింది. దాని మీద భారం వేయకండి. మీ మండలానికి దగ్గరి ఐటీఐలో ఒక యంత్రం పెట్టించి, ఇద్దరు మా ఇంజనీర్లను వారానికి రెండు రోజులు బోధనకు పంపమని, అప్రెంటిస్‌లుగా ఏటా ఇంతమందిని తీసుకోమని అడగండి. మా యాజమాన్యానికి అటువంటి వినతి వస్తే కాదనడం కష్టం, ఎందుకంటే అది మాకూ లాభమే. కర్ణాటక నుంచీ తమిళనాడు నుంచీ వచ్చిన కార్మికులు పండక్కి వెళ్లి పది రోజులు రాకపోతే లైను ఆగిపోయే బాధ మాకు తెలుసు.

గట్టిగా అడిగితే కంపెనీ వెళ్లిపోతుందన్న భయం గురించి ఒక మాట. వందల కోట్ల యంత్రాలు నేలలో బిగించుకున్న తరువాత, గ్రామసభ తీర్మానం చూసి ఎవరూ వెళ్లిపోరు. వెళ్లడానికి కారణాలు కరెంటు, నీరు, మార్కెట్, ప్రభుత్వ విధానం మారిపోవడం. పైగా విదేశాల్లోని మాతృసంస్థ కూడా ఇప్పుడు కొన్ని నియమాలకు కట్టుబడి ఉంటుంది. ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక కూటమి) బహుళజాతి సంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాలు 1976 నుంచి ఉన్నాయి, జపాన్, కొరియా, జర్మనీ వంటి దేశాల కంపెనీల మీద ఆ దేశంలోని జాతీయ సంప్రదింపుల కేంద్రానికి ఇక్కడివారు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఒడిశాలో 52 వేల కోట్ల రూపాయలతో 2005లో ఒప్పందం చేసుకున్న పోస్కో ఉక్కు ప్రాజెక్టు మీద 2012లో కొరియాలో, నార్వేలో, నెదర్లాండ్స్‌లో అటువంటి ఫిర్యాదులు దాఖలయ్యాయి. భూమి, అడవి మీద హక్కుల గురించి తమలపాకు తోటల రైతులు ఏళ్ల తరబడి పోరాడాక 2017లో ఆ సంస్థ ప్రాజెక్టును వదులుకుంది. మీ సమస్య అంత దూరం వెళ్లవలసింది కాదు, వెళ్లకూడదు కూడా. కానీ మీ కాగితం జిల్లా కేంద్రంలోనే ఆగిపోతుందని అనుకోకండి. మా ప్రధాన కార్యాలయం ఆడిటర్లు వచ్చినప్పుడు మొదట అడిగే ఫైళ్లలో స్థానికుల ఫిర్యాదుల ఫైలు ఒకటి.

బడిపంతులు_సీమ

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం బడి అయ్యాక ఆర్వో ప్లాంటు వెనుక పైపు వెంట నడిచాను. ఆ నీరు కాలువలో పడి చింతచెట్టు దగ్గర ఇంకిపోతోంది. దాన్ని పశువుల కడుగుడుకు తొట్టిలోకి మళ్లించవచ్చని మా పెద్దాయన ఒకరు అన్నారు, కొలిచి చూస్తాం. కంపెనీ వెబ్‌సైటు తెరిచి చూశాను, పోయిన ఏడాది సీఎస్‌ఆర్ పథకాల జాబితాలో మా ఊరి పేరు, బడి గదులు, ఆర్వో ప్లాంటు మూడూ ఉన్నాయి. స్వచ్ఛందమని చెప్పిన ఆ ప్రతినిధిని నేను తప్పుపట్టడం లేదు, బహుశా ఆయనకూ తెలియకపోవచ్చు. కానీ ఇకమీదట మేము కృతజ్ఞతతోపాటు లెక్క కూడా అడగగలుగుతాం.

తీర్మానంలో మొదటి అంశంగా నీటిని పెడుతున్నాం. ఫ్యాక్టరీ రోజుకు ఎంత నీరు వాడుతోంది, ఎక్కడి నుంచి తెస్తోంది అన్నది మాకు తెలియాలి. అది అడిగే అధికారం మాకుందా? ఉంటే ఎవరిని అడగాలి?

కంపెనీ_సెక్రటరీ_హైదరాబాద్

ఉంది. ఫ్యాక్టరీ నడవాలంటే కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే నిర్వహణ అనుమతి, అంటే సీఎఫ్‌వో, ఉండాలి. రోజుకు ఎన్ని కిలోలీటర్ల నీరు వాడవచ్చు, ఎంత వ్యర్థజలం బయటికి రావచ్చు, దాన్ని ఎక్కడికి పంపాలి అన్నవి అందులో అంకెల్లో రాసి ఉంటాయి. 1974 జల కాలుష్య చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం అటువంటి షరతుల రిజిస్టరును మండలి నిర్వహించాలి, వ్యర్థజలం వల్ల ప్రభావితులయ్యే ఎవరైనా దాన్ని చూడవచ్చు. ప్రాంతీయ కార్యాలయంలో అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పారిశ్రామికవాడకు పర్యావరణ అనుమతి ఉంటే, దాని షరతులు ఎంతవరకు అమలయ్యాయో జూన్ 1న, డిసెంబరు 1న ఏటా రెండుసార్లు నివేదిక ఇవ్వాలి, అవి బహిరంగ పత్రాలు.

దాంతోపాటు జిల్లా భూగర్భజల శాఖ కార్యాలయానికి కూడా వెళ్లండి. మండలాల్లో వాళ్లకు నీటిమట్టం కొలిచే ఫీజోమీటరు బోర్లు ఉన్నాయి. మీ మండలంలోని బోరు లెక్కలు, అదే కాలానికి వర్షపాతం లెక్కలు, ఫ్యాక్టరీకి అనుమతించిన నీటి పరిమాణం, మీ ఊరి బోర్ల సంఖ్య ఈ నాలుగూ ఒకే కాగితం మీద ఏడాదివారీగా రాసుకుని గ్రామసభకు తీసుకెళ్లండి. పదో తరగతి పిల్లలతో ఆ పట్టిక వేయించవచ్చు. ఫ్యాక్టరీ రాకముందు రెండేళ్ల లెక్కలు కూడా తప్పక తీసుకోండి, అవి లేకపోతే కారణం ఎటువైపు ఉందో పోల్చి చూడడానికి వీలుండదు.